పుస్తకంలో లేని పిల్ల

1944 నవంబరు 6, సోమవారం

తమ్ముడు యోహాను వచ్చాడు. మోత్కూరు దాకా బస్సు, అక్కడి నుంచి మిషను కాంపౌండు దాకా నడక. చిక్కిపోయాడు. మద్రాసులో తను తీసిన రెండు సినిమా బొమ్మలూ బాగానే ఆడాయట. అయినా ముఖంలో ఆ కళ లేదు. చేతిలో రేకు పెట్టె, చంకలో గుడ్డకు చుట్టిన పుస్తకం.

"పెద్దక్కా, ఇది చదువు. నెల దినాలల్ల కథ కావాలె. నువ్వు చెప్తెనే అయితది."

కాళ్ళు కడుక్కోమన్నాను. ప్రార్థన చేసి అన్నం పెట్టాను.

నవంబరు 7

నవల. బెజవాడ వకీలు గారు ఒకరు రాసింది. దొర బిడ్డ కథ. పెళ్ళి, కోటలాంటి అత్తవారి గడీ, ఆ గోడల మధ్య ఒంటరితనం. లావు పుస్తకం. యుద్ధం వల్ల ఫిల్ము కరువు. బొమ్మ పొడుగు ఇంతకు మించరాదని సర్కారు హుకుం.

అతని పద్ధతి అతనిది. నవలను ఒక్కసారే చదువుతాడు. ఇది ఆరు నెలల కిందట రైల్లో చదివాడట. తర్వాత నాకిస్తాడు. నేనూ ఒక్కసారే. మూడు రోజులు ముట్టకూడదు. ఆ తర్వాత, అది చదవని వాళ్ళకు నోటితో చెప్పాలి. నా నోట మిగిలిందే బొమ్మ. జారిపోయింది జారిపోయినట్టే. పుస్తకాన్ని గుడ్డలో కట్టి దూలానికి వేలాడదీస్తాడు, మళ్ళీ విప్పడు.

"విప్పితె అంత మంచిగనే కనబడతది అక్కా. ఏదీ తీసెయ్య మనసొప్పది."

మొదటి రెండు కథలూ ఇట్లాగే తేలాయి. మూడోది తేలకపోతే స్టూడియో వాళ్ళు ఇంకొకరిని పెట్టుకుంటారట. నవ్వుతూ చెప్పాడు. గ్లాసులో నీళ్ళు తాగకుండానే పక్కన పెట్టాడు.

నవంబరు 9

వాన తుంపర. చదువు సాగుతోంది.

భోజనం దగ్గర పాత మాటలు. మద్రాసులో అందరూ అడుగుతారట, నీ గురువెవరని. ఇంగ్లీషు బొమ్మలా, బెంగాలీ బొమ్మలా అని.

"ఏమని చెప్పాలె? మా అక్క పటాల చుట్ట నా గురువంటె నవ్వరా?"

నేను ఊళ్ళ మీద బైబిలు వాక్యం చెప్పుకుంటూ తిరిగిన రోజులు. పొద్దున చదివి, పుస్తకం సంచిలో వేసి, చేలల్లో ఆడవాళ్ళకు చూడకుండా చెప్పేదాన్ని. రంగు పటాల చుట్ట యోహాను పట్టుకునేవాడు. ఎప్పుడు తిప్పాలో నేను నోటితో చెప్పలేదు ఏనాడూ. నా ఊపిరి చూసి తిప్పేవాడు. ఒక్కొక్క పటాన్ని ఎంతసేపు నిలపాలో ఆ చేలల్లోనే తెలిసిందట.

ఇంకొకటి కూడా చెప్పాడు. మా వాడకు ఏడాదికోసారి పటం కథల వాళ్ళు వచ్చేవాళ్ళు. అంత పెద్ద పటంలో కథ చెప్పేవాడు ఒక్క చోట వేలు పెట్టేవాడు. జనం కళ్ళన్నీ అక్కడికే.

"కెమెరా అంటె గంతే అక్కా. గా వేలే."

మద్రాసులో అతనికి వేరే పేరుంది. ఆ పేరు ఈ ఇంట్లో పలకను. అతనూ పలకడు.

నవంబరు 12, ఆదివారం

ఆరాధన. మధ్యాహ్నం పెళ్ళి అధ్యాయం చదివాను.

ఒక చోట ఆగాను. పెళ్ళికూతురి వెంట పశువులు, పాత్రలు, ఒక దాసీ పిల్ల అత్తవారింటికి వెళ్ళారని. ఒకటిన్నర వాక్యం. ఆ తర్వాత ఆ పిల్ల పుస్తకంలో ఎక్కడా లేదు.

పుస్తకం మూసి బయట కూర్చున్నాను.

నవంబరు 13

రాయాలి. ఈ పుటకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా నర్సి. నా తర్వాతది. దొర బిడ్డకు పెళ్ళయితే వెంట ఒక పిల్లను పంపే ఆచారం మా ఊళ్ళో. ఆడబాప అనేవాళ్ళు. బతికినన్నాళ్ళూ అక్కడే చాకిరీ. ఆ ఏడు మా ఇంటి వంతు. వరుస నాది. నేను మిషను బడిలో ఉన్నాను. మిషనమ్మ నన్ను వదలనంది. అందుకని నర్సిని పంపారు. దానికి పదమూడేళ్ళు. యోహానుకు నాలుగు.

వాడికి విషజ్వరమని చెప్పాం. నర్సక్క ప్రభువు దగ్గరికి పోయిందని. బాపు అట్లా చెప్పమన్నాడు. బాపు పోయాడు, అమ్మ పోయింది. నేనే మిగిలాను, ఆ మాట మోస్తూ.

రెండేళ్ళ కిందట గాజులమ్మే ఆమె కబురు తెచ్చింది. బతికే ఉందట. కల్వకుర్తి దిక్కున, గడీ వంటింట్లో.

వెళ్ళలేదు నేను.

నవంబరు 17

పుస్తకం అయిపోయింది. యోహాను గుడ్డలో కట్టాడు. మూడు ముళ్ళు వేశాడు.

నవంబరు 21, మంగళవారం

ఆముదాల కళ్ళంలో చెప్పాను. గెలలు కొట్టే ఆడవాళ్ళు పదిమంది. యోహాను వాళ్ళ వెనకాల, గడ్డివాము నీడలో. నన్ను చూడడు. వాళ్ళ చేతులను చూస్తాడు. కర్రలు ఎక్కడ ఆగితే అక్కడ కాగితం మీద గీత.

మొదట ఆగలేదు. పెళ్ళికొడుకు దగ్గర నవ్వులు.

"ఏందక్కా, గింత మెత్తనోడా? మా ఇంటాయన లెక్కనే ఉన్నడు," అంది బాలమణి.

"మీ ఇంటాయన మెత్తనోడా? మొన్న తడక ఎవలు ఇరగ్గొట్టిండ్రే?"

"తడక ఇరగ్గొట్టింది నేను. ఆయన పట్టుకొని నిలవడ్డడు."

కర్రలు ఆడుతూనే ఉన్నాయి. పెళ్ళి వచ్చింది. నగలు, మేళం. అయినా ఆడుతూనే ఉన్నాయి. తర్వాత పెళ్ళికూతురి బండి కదిలింది, తెర వేశారు...

ఆ తర్వాత ఏం చెప్పానో నాకు తెలుసు. చెబుతున్నప్పుడు తెలియలేదు.

బండి వెనక ఒక పిల్ల నడుస్తోందన్నాను. దాని అక్క పొద్దున్నే తల దువ్వి, జడ వేసి, తొమ్మిది రోజుల జాతరకు పోతున్నావు, పదో రోజు బండి తిరిగి వస్తుంది అని చెప్పిందన్నాను. మలుపు దగ్గర ఆ పిల్ల వెనక్కి తిరిగి రెండు చేతులూ పైకెత్తింది. ఒక వేలు మడిచి, తొమ్మిది చూపించింది. మరచిపోకు అన్నట్టు.

కళ్ళంలో చప్పుడు లేదు. ఒక్క కర్ర లేవలేదు.

బాలమణి మెల్లగా అంది, "మరి వచ్చిందా అక్కా, పదో నాడు?"

మిగిలిన కథ ఎట్లా ముగించానో గుర్తు లేదు.

నవంబరు 22

యోహాను ఇల్లంతా తిరుగుతున్నాడు. కాగితం చూపించాడు. అంత పొడుగు కథలో ఒకే ఒక్క చోట గీతలు. ఒకదాని మీద ఒకటి, కాగితం చిరిగేలా.

"గా పిల్ల నాకు గుర్తే లేకుండె అక్కా! రైల్ల నిద్రమత్తుల చదివిన కావచ్చు. గింత పెద్ద సంగతిని ఎట్ల వదిలిన?"

చెప్పాల్సిన క్షణం అదే. పొయ్యి మీద పాలు పొంగాయి. దించాను. వాడు అప్పటికే రాస్తున్నాడు.

నవంబరు 23

ప్రార్థన కుదరలేదు. ఆజ్ఞలు వల్లించుకుంటూ అబద్ధ సాక్ష్యం దగ్గర ఆగిపోయాను. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ పుస్తకంలో ఉందని వాడు నమ్ముతున్నాడు. ఆ నమ్మకాన్ని కాదనలేదు. అది వేరా?

నవంబరు 26, ఆదివారం

కథ తలకిందులు చేశాడు. పెళ్ళంతా తీసేశాడు. మేళం లేదు, నగలు లేవు. బొమ్మ బండితోనే మొదలవుతుంది. దొరసాని కథ అంతా ఆ పిల్ల కళ్ళతో చూపిస్తాడట. తలుపు సందు నుంచి, వంటింటి కిటికీ నుంచి.

"నవలల ఉన్నదంత చూపిస్తె బొమ్మ కాదు అక్కా, సామాను బండి. ఒక్కరి వెంట పోవాలె. ఎవరి వెంట పోవాల్నో గీ చేతులు చెప్పినయి."

పాటలు? స్టూడియో వాళ్ళు పన్నెండు అడిగారట. మూడిస్తాడట.

ఇంత వెలుగు వాడి ముఖంలో ఎన్నేళ్ళ కిందట చూశానో.

నవంబరు 28

ఒక ప్రతి బెజవాడకు, రచయిత గారికి పంపాడు. ఆయన సంతకం లేనిదే స్టూడియో కదలదు.

డిసెంబరు 2

"అక్కా, జడ ఏసినప్పుడు పిల్ల ఎటు దిక్కు కూసున్నది? పుస్తకంల ఉందా?"

"ఇంటి బయట. తూర్పు దిక్కు."

"జడల పువ్వు?"

"బంతి. పసుపుది."

రాసుకున్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు, కాసేపు. మళ్ళీ రాతలో పడ్డాడు.

డిసెంబరు 4

కంచంలో అన్నం తీసి కుక్కకు వేశాను.

డిసెంబరు 8, శుక్రవారం

బెజవాడ నుంచి ఉత్తరం. వాకిట్లో నిలబడి పైకి చదివాడు.

"నా పుస్తకంలో ఆ దాసికి ఒకటిన్నర వాక్యం. మీరు సగం చిత్రం ఆమెకు ధారపోశారు. తొమ్మిది వేళ్ళ ఘట్టం ఏ పుటలో ఉన్నదో దయచేసి తెలియజేయండి. తెలియజేయలేని పక్షంలో తొలగించండి. లేని ఘట్టాన్ని నా పేరు మీద చూపడానికి నేను సంతకం చేయజాలను."

మర్యాదగానే రాశారు. ఆయన తప్పేమీ లేదు.

యోహాను నవ్వాడు. "తన పుస్తకం తనకే గుర్తు లేదు సారుకు! పుట చూపెడితె అయిపాయె. నీకు యాదికి ఉందా అక్కా, ఎన్నో పుట?"

"చూసి చెప్తా" అన్నాను.

చూసి చెప్తా! ఏం చూస్తాను?

డిసెంబరు 10, ఆదివారం

ఆరాధనకు వెళ్ళాను. పాటకు నోరు తెరవలేదు. పాస్టరు అయ్యగారు ఒంట్లో బాగుందా అని అడిగారు.

డిసెంబరు 11

కాంపౌండు పిల్లలకు చదువు చెప్పి వచ్చేసరికి దూలం మీద మూట లేదు. నేల మీద గుడ్డ, మూడు ముళ్ళూ విప్పి. యోహాను గోడకు ఆనుకొని, ఒడిలో పుస్తకం. వాడు తన నియమం తప్పడం ఇదే మొదలు.

"రెండు సార్లు చదివిన అక్కా. లేదు."

కింద పడ్డ గుడ్డ తీసి మడతపెట్టాను.

"బంతిపువ్వు లేదు. జడ లేదు. అసలు పిల్లకు అక్కనే లేదు."

"లేదు."

"మరి ఎక్కడిది?"

స్వరం పెంచలేదు. పెంచినా బాగుండేది.

కుండలో నీళ్ళు తాగాను. దీపం పెట్టే వేళ కాలేదు, ఇంకా ఎండ ఉంది. వాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. చెప్పాను. కళ్ళంలో చెప్పినట్టు కాదు. వరుస నాదని, మిషనమ్మ వదలనందని, బాపు తల తిప్పుకున్నాడని. తల దువ్వింది నేనని. జాతర మాట నా నోటి నుంచే వచ్చిందని, బాపు చెప్పమనలేదని. ఏడుస్తూ పోతే చూడలేనని చెప్పాను ఆ మాట. నా కోసం.

నేను చెప్పిన మొదటి కథ అది.

వాడు పుస్తకం మూసి అడిగాడు.

"జొరం?"

"లేదు."

"బతికి ఉందా?"

"ఉంది. కల్వకుర్తి దిక్కు."

లేచి బయటికి వెళ్ళాడు. చెప్పులు వేసుకోలేదు.

డిసెంబరు 12

నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టాను, తిన్నాడు. కంచం తనే కడిగాడు.

డిసెంబరు 13

కాగితాలు ముందేసుకొని పొద్దంతా వాకిట్లోనే కూర్చున్నాడు.

డిసెంబరు 14, గురువారం

పొద్దున్నే రాసిన కాగితాలన్నీ నా ముందు పెట్టాడు.

"ముప్పై ఏండ్లు దాటె. ఏటేటా సమాధుల దినం నాడు నాతోటి నర్సక్క కోసం పువ్వులు పెట్టిస్తివి. ఎవరి గోరి మీద పెట్టిన అక్కా?"

కాగితాల అంచులు సర్దుతూ కూర్చున్నాను.

మళ్ళీ తనే అన్నాడు, "వకీలు సారు అడిగింది నిజమే. పుస్తకం రాసినాయన సంతకం పెడితెనే బొమ్మ. మరి గీ సీను రాసిందెవరు? నువ్వు కాదు. నేను కాదు. తొమ్మిది వేళ్ళు ఎత్తిన మనిషి. ఆమెను అడగకుంట ఎట్ల తీస్త?"

"అడిగితే?"

"సరే అంటె, సారు పుస్తకం సారుకు ఇచ్చేస్త. బండి ఎనుక పిల్ల కథే తీస్త, మా అక్క కథ అని ఏసి. స్టూడియో ఉన్నా పోయినా. వద్దంటె..." కాగితాల మీద చెయ్యి పెట్టాడు. "ఒక్క ముక్క ఉంచ."

నేను కూడా వస్తానన్నాను. క్షమించమని అడగాలి దాన్ని.

వాడు కళ్ళలోకి చూశాడు, మూడు రోజుల తర్వాత.

"నువ్వు మాఫీ అడుగుడు వేరే. నేను అడిగేది వేరే. రెండు కలపకు అక్కా. మాఫీ చేసిన అని ఆమె బొమ్మకు ఊ అనొద్దు. బొమ్మకు ఊ అన్నదని నీకు మాఫీ అయిందనుకోవద్దు నువ్వు."

వాడు చిన్నవాడని అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ.

డిసెంబరు 15

అయ్యగారికి చెప్పాను, వారం సెలవు. ఉతికిన చీరలు రెండు. ఏం తీసుకువెళ్ళాలి దానికి? ఏం ఇష్టమో తెలియదు. పదమూడేళ్ళప్పుడు రేగుపళ్ళు ఇష్టం. ఇప్పుడు దానికి నలభై ఎనిమిది.

ఏమీ తీసుకువెళ్ళడం లేదు.

డిసెంబరు 16, శనివారం

పట్నం మీదుగా బస్సు. యోహాను కిటికీ పక్కన. ఒక్కటే మాట అడిగాడు: "నన్ను ఎత్తుకునేదా?"

"నడవనిచ్చేది కాదు నిన్ను. నీ కాళ్ళు నేల మీద ఆననిచ్చేది కాదు."

ముఖం అటు తిప్పుకున్నాడు.

డిసెంబరు 17, ఆదివారం

కల్వకుర్తి. సరాయిలో గది. ఆరాధన లేదు ఇక్కడ. ఇద్దరం గోడ వైపు తిరిగి ప్రార్థించుకున్నాం. వాడు చాలా ఏళ్ళ తర్వాత. గట్టిగా కాదు, పెదవులతో.

డిసెంబరు 18, సోమవారం

గడీ. బండి దిగి నడిచాం. దొరసాని కాశీకి పోయిందట. ఇంట్లో కొడుకులు, కోడళ్ళు.

ముందు వాకిట్లో యోహాను కోటు చూసి కుర్చీ వేశారు. మద్రాసు పేరు చెప్పలేదు. బాపు పేరు చెప్పాడు, మా వాడ పేరు చెప్పాడు. కుర్చీ తీసేశారు. నిలబడే అడిగాడు, నర్సి మా అక్క, చూడాలె అని. లోపలి ఆడవాళ్ళ జాగాకు మొగవాళ్ళు పోరాదన్నారు. కావాలంటే ముసలామె వెనక దొడ్డికి పోవచ్చని. ముసలామె నేను.

వెనక దొడ్డి. నీళ్ళకు వచ్చిన ఒక పడుచుతో కబురు పంపాను. నర్సి కోసం ఆమె మనుషులు వచ్చారని చెప్పమ్మా అని.

తిరిగి వచ్చింది. "మనుషులు లేరంటాంది అవ్వ."

ఇంకేం చెప్పాలి? మిషను బడి అక్క అన్నాను. పెద్దక్క అన్నాను. యోహాను బయట ఉన్నాడు, నువ్వు ఎత్తుకున్న తమ్ముడు అని చెప్పమన్నాను. ఆ పడుచు నన్ను పైనించి కింది దాకా చూసింది.

"మా అవ్వకు అక్కున్నదా? మాకు ఎన్నడు చెప్పకపాయె."

మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఎండ గోడ మీదికి ఎక్కింది. లోపల ఎవరో రోట్లో దంచుతున్నారు. ఆ దంపుడు చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. ఇక మొదలు కాలేదు.

పడుచు వచ్చింది. ఈసారి నా కళ్ళలోకి చూడలేదు.

"తమ్ముణ్ణి తర్వాత చూస్తదంట. ముంగట మిమ్ముల రమ్మన్నది. ఒక్కరినే." ఆగి, గుర్తు చేసుకుంటూ, "గంజి దింపి పిలుస్తదంట, గందాక కూసోమన్నది. ఇంకోటి కూడ చెప్పుమన్నది. కథ చెప్పొద్దంట."

దొడ్డి అరుగు మీద కూర్చొని ఇది రాస్తున్నాను. గోడ అవతల యోహాను, జవాబు కోసం. ముప్పై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ ముఖం చూడగానే మొదటి మాట దానంతట అదే నా నోటికి వచ్చేది. ప్రార్థించాను. ఒక్క మాటా రాలేదు. తలుపు తెరుచుకుంటోంది...